ఐలన్న కాలు కట్టైంది

పటేల్‌గూడలో ఫోను మోగితే వెంకటేశం గొంతు మోగేది. ఊరందరికీ అతని కిరాణా కొట్టులోని నల్ల ఫోనే దిక్కు. పెళ్లి పత్రిక మీద అచ్చు వేయించినా, బ్యాంకు కాగితం మీద రాసిచ్చినా ఆ నంబరే, పక్కన 'పీపీ' అని రెండక్షరాలు. పీపీ అంటే పక్కింటి ఫోను అని కొందరు, పరాయి ఫోను అని కొందరు వాదించుకునేవాళ్లు. ఐలన్న మాత్రం పెళ్లిళ్లలో ఊదే పీపీ అనుకునేవాడు. అనుకోడా మరి! ఫోను రావడం ఆలస్యం, వెంకటేశం కొట్టు మెట్టు మీద నిలబడి మెడ నరాలు ఉబ్బేలా ఊదేవాడు.

"ఐలన్నో... కాలొచ్చిందో..."

కాలే. ఆ ఊళ్లో ఎవరి నోటా 'కాల్' అనే మాట లేదు. ఇంగ్లీషు మాట ఏదైనా సరే, మన పొలిమేర దాటాలంటే తోకకు ఒక కొమ్ము తగిలించుకోవాల్సిందే. బస్‌కు కొమ్మిస్తే బస్సు, కార్‌కు కొమ్మిస్తే కారు, కాల్‌కు కొమ్మిస్తే కాలు. కనబడ్డవాటికల్లా కొమ్ములిచ్చుకుంటూ పోతే ఏదో ఒకటి పొడవక మానదు. ఐలన్నను పొడిచింది ఈ మూడోదే.

ఐలన్న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపేవాడు. కాంట్రాక్టు మీద. చేరిన నాటినుంచీ కాంట్రాక్టే. బాయిలర్ వేడికి జుట్టు పర్మనెంటుగా తెల్లబడింది గానీ నౌకరి పర్మనెంటు కాలేదు. అదే బాయిలర్ మీద ఇంకో షిఫ్టులో చిన్నరాములు. అతనిదీ కాంట్రాక్టే, కాకపోతే జుట్టు నలుపు, ప్యాంటు నడుముకు తోలు సంచీలో సెల్‌ఫోను.

ఒకరోజు షిఫ్టు మారేవేళ ప్లాంటు ఇంజినీరు భీమశంకరం ఇద్దర్నీ పిలిచాడు. కోస్తా మనిషి. కోపం వచ్చినా మర్యాద తప్పడు, అదే ఇంకా భయం.

"చూడండయ్యా, పర్మనెంటు పోస్టు ఒకటి వచ్చింది. పనిలో ఇద్దరూ ఇద్దరే. బాయిలర్ ఆగిందంటే లోపల ఉడికే బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే, అది మీకు తెలుసు. సెలవు రోజైనా సరే, నేను ఫోన్ చేస్తే రావాలి. ఈసారి బాయిలర్ ఆగినప్పుడు ఇద్దరికీ ఫోన్ చేస్తాను. ఎవరు ముందొచ్చి అంటిస్తే పోస్టు వాళ్లది."

"ఎప్పుడు ఆగుతది సార్?" అడిగాడు ఐలన్న.

"చెప్పి ఆగడానికి అదేమన్నా ఆర్టీసీ బస్సా? నంబర్లు చెప్పండి."

చిన్నరాములు గడగడా పదంకెలూ అప్పజెప్పాడు. ఐలన్న గొంతు సవరించుకుని "వెంకటేశం కిరాణం... పీపీ..." అన్నాడు.

"వద్దయ్యా. నేను ఇక్కడ బాయిలర్ ఆగిందని మొత్తుకుంటుంటే ఆయన అక్కడ ఉప్పు తూచి, చిల్లరిచ్చి, అప్పుడు నిన్ను పిలుస్తాడు. నీ సొంత నంబరు ఇయ్యి. లేదంటే రాములు ఒక్కడికే చేస్తాను."

గేటు బయట చాయ్ హోటల్ కాడ చిన్నరాములు తోలు సంచీ తీసి, చేత్తో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "అన్నా, కాలం మారింది. కాలు మోగాలె, కాలు కదలాలె. నీకెందుకీ పరేషాన్?" అన్నాడు. ఐలన్న చాయ్ సగంలోనే వదిలేసి సైకిలెక్కాడు.

ఇంట్లో మొగులమ్మ మాట విని నోరు వెళ్లబెట్టింది. "సెల్లు గొంటవా? బ్యాటరీ లైటుల రెండు సెల్లు ఎయ్యమని ఎన్నడు చెప్పిన నేను? చీకట్ల దొడ్లెకు పోతుంటే పాము తొక్కుతనో తాడు తొక్కుతనో తెలుస్తలేదు. దానికి దిక్కు లేదు గని, చెవుల పెట్టుకునే సెల్లు గొంటడట!"

"ఇది ఆ సెల్లు గాదే. పోస్టు వస్తది దీంతోని."

"పోస్టు సైకిల్ మీద గదా వస్తది?"

ఐలన్న చొక్కా తగిలించుకుని బయటపడ్డాడు. బామ్మర్ది యాదన్నకు కబురు పెట్టాడు. యాదన్నకు ఫోను లేదు. కానీ ఫోన్ల గురించి అతనికి తెలియని సంగతి లేదు. పెళ్లి కానివాడు కాపురాల పంచాయితీ తెంపినట్టు ఊళ్లో ఎవరు ఫోను కొన్నా పక్కన యాదన్న ఉండాల్సిందే.

పటాన్‌చెరులో బస్సు దిగగానే రోడ్డుకు రెండువైపులా ఫోన్ల కొట్లే. నిన్నమొన్నటి దాకా అవన్నీ గాజుల కొట్లు, క్యాసెట్ల కొట్లు. గరుడ అని ఒక బోర్డు, దోస్త్ అని ఒకటి, తరంగ్ అని ఇంకొకటి. ఇన్‌కమింగ్ ఫ్రీ, ఇన్‌కమింగ్ ఫ్రీ అని అన్నిటి మీదా ఎర్రక్షరాలు. ఇన్‌కమ్ ఉన్నవాడికే ఇన్‌కమింగ్ అని ఐలన్నకు అప్పటికింకా తెలియదు. బావాబామ్మర్దులు మొదటి కొట్టులోకి దూరారు. కొట్టాయన ఖలీల్, గడ్డం దువ్వుకుంటూ నవ్వుతూ "ఆవో చాచా" అన్నాడు.

"ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా?"

ఐలన్నకు మొదటి మాట 'ఫ్రీ పేడ' అని వినబడింది. "ఫ్రీ పేడ మా ఇంట్ల దండిగున్నది. రెండు బర్లున్నయి."

"అరె చాచా, పేడ గాదు. ప్రీ! ముందుగాల పైసలు గట్టుడు, తర్వాత మాట్లాడుడు."

"ముందుగాల పైసలు గడితె ఫ్రీ ఎట్లయితది?"

యాదన్న అందుకున్నాడు. "బావా, నీకు తెల్వదు, జెర ఊకో. పోస్టుపెయిడంటె బిల్లు పోస్టుల వస్తది. గందుకే ఆ పేరు."

"నేను ఫోను గొనేదే పోస్టు కోసం. పోస్టుపెయిడే ఇయ్యిండ్రి మరి!" ఐలన్న మొహం వెలిగింది.

"బరాబర్ చాచా. జీతం కాగితం తెచ్చినవా? పర్మనెంటు నౌకరి ఉన్నోళ్లకే పోస్ట్‌పెయిడ్ ఇస్తది కంపెనీ."

వెలిగిన మొహం అక్కడే ఆరింది. పర్మనెంటు నౌకరి రావాలంటే ఫోను కావాలి. ఫోను రావాలంటే పర్మనెంటు నౌకరి కావాలి. గానుగెద్దుకు కూడా తిరిగితే కాస్త నూనె దిగుతుంది. ఇక్కడ తిరిగితే తల తిరగడమే.

"సరే, ఆ పేడనే ఇయ్యి," అన్నాడు నీరసంగా.

"జీఎస్సెమ్మా, సీడీఎమ్మేనా?"

ఐలన్న బామ్మర్ది వైపు తిరిగాడు. పోచమ్మ తెలుసు, మైసమ్మ తెలుసు, జీఎస్సెమ్మ సీడీఎమ్మ ఏ ఊరి అమ్మలో, ఎవరికి కోడిని కోయాలో! యాదన్న కూడా మొదటిసారి నోరు మూసుకుని గోడ మీది బొమ్మ చూస్తున్నాడు.

ఖలీల్ ఓపికగా చెప్పుకొచ్చాడు. ఒక రకంలో సిమ్ము ఊడదీసి ఇంకో కంపెనీది వేసుకోవచ్చు. సెట్టు పిరం, ఖరీదెక్కువ. ఇంకో రకంలో సెట్టూ సిమ్మూ ఒకటే జత, పెండ్లయినట్టు. సెట్టు సస్తా. దోస్త్ కంపెనీది అట్లాంటిదే.

"పెండ్లంటున్నవు. పొసగకపోతె విడాకులున్నయా?"

"కంపెనీ ఇయ్యదు చాచా."

తర్వాత ప్లాన్లు. పొద్దున ఒక రేటు, పొద్దుగూకినంక ఒక రేటు. దోస్త్ నుంచి దోస్త్‌కు ఫ్రీ, దోస్త్ నుంచి గరుడకు భారం. జిల్లా దాటితే రోమింగ్, అంటే తిరుగుడు. నువ్వు తిరిగితే మీటరూ తిరుగుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, వాలిడిటీ అని ఇంకోటి ఒక ఎత్తు. కార్డులో పైసలున్నా సరే, గడువు దాటిందంటే ఫోను మూగబోతుందట.

"పైసలున్నా?"

"ఉన్నా."

"నా పైసలు నా దగ్గరుండంగ నా నోరు నొక్కుడేంది!"

వాలిని కూడా ఇట్లాగే చెట్టు చాటు నుంచి కొట్టారు. ఎదురుగా ఉన్న శత్రువుతో పోరాడుతుంటే ఎక్కడి నుంచో వచ్చిపడింది బాణం. వాలిడిటీ అంటే అదేనని ఐలన్నకు ఆ క్షణాన పూర్తిగా అర్థమైంది. ఆ కొట్టులో అతనికి అర్థమైంది అదొక్కటే.

రోడ్డు దాటి ఎదురు కొట్టుకు పోయారు. అక్కడాయన ఖలీల్ చెప్పినదంతా తప్పన్నాడు. దోస్త్ దొంగ, గరుడే గట్టిది, రెండేళ్లలో తక్కినవన్నీ మూతబడతాయన్నాడు. మూడో కొట్టాయన గరుడ గద్దలా తన్నుకుపోతుంది, తరంగ్ తరతరాలకు తరగనిదన్నాడు. ఏ తరంగమూ ఐలన్న అంతరంగం దాకా రాలేదు. కాగితాలు మాత్రం చేతినిండా ఇచ్చారు. ప్రతి దాని మీదా పెద్దక్షరాల్లో ఫ్రీ, అడుగున చీమ తలంత అక్షరాల్లో ఏదో. ఆ చీమలు ఏం కుడతాయో చదువుదామంటే కళ్లజోడు ఇంట్లో ఉంది.

బస్టాండు గోడ నీడన కూలబడ్డాడు ఐలన్న. బాయిలర్ ముందు అతను ఎన్నడూ ఇంత బెదరలేదు. అది ఎంత ఆవిరైనా పట్టుకుని, ఎక్కువైతే ఈలేసి చెబుతుంది. ఈ కంపెనీలు ఈల కూడా వేయవు, నేరుగా గోల పెట్టిస్తాయి.

"యాదీ, నా తల పేలుతున్నదిరా."

"బావా, జెర నా మాటిను. నువ్వు యాడ పని చేస్తవ్?"

"పాశమైలారంల."

"పాశమైలారం గేటు పక్కకు ఉన్న టవర్ ఎవరిది?"

"నాకేం ఎరుక? నాకున్న టవలు గీ భుజం మీదిదే."

"దోస్త్‌ది బావా! నీ ఫ్యాక్టరీ నెత్తి మీదనే టవర్ పెట్టిండ్రు. ఇగ ఆలోచనేంది? దోస్త్ తీసుకో, సెట్టు సస్తా, కథ ఖతం."

ఇంత తిన్నగా ఉన్న మాట పొద్దుటి నుంచి ఐలన్న చెవిన పడలేదు. బోనసులో మిగిలినదంతా ఖలీల్ చేతిలో పోసి దోస్త్ ఫోను కొన్నాడు. ఖలీల్ చూపించాడు, తెర మీద నిండుగా గీతలు. నుదుటి గీత బాగుంటే తెర మీది గీత బాగుంటుంది అనుకున్నాడు ఐలన్న. బస్సు బీరంగూడ కమాన్ కాడ ఆగేసరికి సగం గీతలు రాలిపోయాయి. ఊరి మలుపులో ఒక్కటి మిగిలింది. ఇంటి గడపలో కాలు పెడితే అదీ లేదు. పర్వాలేదు, ఫ్యాక్టరీ కాడ ఉంటుంది కదా అని సర్దుకున్నాడు.

మర్నాడు ఛాతీ పొంగించి గేటు కాడికి పోయాడు. నిండుగా గీతలు! కాపలాదారు చెయ్యి చాచాడు.

"ఫోను ఇటియ్యి. లోపల నిప్పంటుకునే సాల్వెంటు డ్రమ్ములున్నయి. ఫోన్లు బంద్."

గేటు గదిలో చెక్కపెట్టె. అందులో చిన్నరాములు ఫోను తోలు సంచీతో సహా పడుకుని ఉంది. ఇన్నాళ్లూ దాన్ని గేటు బయట చాయ్ హోటల్ కాడే చూశాడు ఐలన్న. లోపల ఎన్నడైనా చూశానా అని తనను తాను అడగనే లేదు. గేటు గది గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు భీమశంకరం సారు నోటితోనే పిలుస్తాడు. ఫోను మోగవలసింది తను ఇంట్లో ఉన్నప్పుడు. అంటే ఎక్కడ గీతలతో పనిలేదో అక్కడ నిండుగా ఉన్నాయి. ఎక్కడ ప్రాణం మీదికొస్తుందో అక్కడ నున్నగా ఉంది.

సాయంత్రం ఖలీల్ కొట్టుకు ఉరికాడు. "భాయ్, మా ఊర్ల గరుడ టవర్ మంచిగున్నదట. పెద్ద మిషన్ల ఫ్యాక్టరీ కాలనీ పక్కకు పెట్టిండ్రట. గరుడ సిమ్ము ఇందుల ఎయ్యి."

"పడదు చాచా. చెప్పిన గద, పెండ్లయింది. కంపెనీ తాళమేసింది."

"తాళమెవరు తీయాలె?"

"కంపెనీకి ఫోను చెయ్."

చేశాడు. కొట్టు మెట్టు మీద నిలబడి, చెవి ఎర్రబడేదాకా. తెలుగు కోసం ఒకటి నొక్కమంది. నొక్కితే హిందీ వచ్చింది. హిందీ కోసం రెండు నొక్కమంది. నొక్కితే పాట వచ్చింది. పాట నడుమ ఒక ఆడగొంతు తియ్యగా "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది, దయచేసి వేచి ఉండండి" అంది.

"నా కాలు నాకు గూడ ముఖ్యమే తల్లీ! ఎంతసేపు నిలవెడ్తవు దాన్ని?"

పాట మళ్లీ మొదలైంది. కార్డులో పైసలు అయిపోయాక పాట కూడా ఆగిపోయింది.

ఆ వారం సెలవు రోజున ఐలన్న ఫోను చేత్తో పైకెత్తిపట్టి దొడ్డంతా తిరిగాడు. కుడితి గోలెం కాడ లేదు. అరుగు మీద లేదు. చివరికి నిచ్చెన వేసి బర్ల కొట్టం రేకుల పైకెక్కి, ఇంకా చెయ్యెత్తితే ఒక్కటంటే ఒక్క గీత మెరిసింది. రేకుల మీద కూర్చుంటే కాలుతున్నాయి. దాంతో కొట్టం పక్కన గుంజలు పాతి, జొన్న చేనుకు వేసినట్టు మంచె వేశాడు. ఇక సెలవొచ్చిందంటే కాపురం మంచె మీదే. అన్నం పైకే, నీళ్లు పైకే.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? "ఐలన్నా, చేను లేదు సరే, పిట్టలేడియి?" "ఒడిసెల గూడ పట్టుకో, సిగ్నల్ వస్తె కొట్టొచ్చు!"

మొగులమ్మ పళ్లెం పైకి అందిస్తూ గొణిగేది. "పేరుకు మొగులమ్మను నేను. మొగులు మీద, మబ్బుల్ల కూసునేది నువ్వు. ఎండకు నల్లగైతున్నవు. గా పోస్టు వచ్చేనాటికి గుర్తుపడ్తరో లేదో."

"ఊకోవే. కాలు ఎప్పుడొస్తదో తెల్వదు."

"నీ కాలు వచ్చేటప్పటికి నా కాళ్లు పోయేటట్టున్నయి, నిచ్చెన ఎక్కి దిగి."

రోజూ డ్యూటీ చేయడం, సెలవొస్తే మంచెక్కడం. నిద్రలో కూడా చెయ్యి పైకెత్తే ఉంచేవాడు. అట్లా ఉండగా ఒక సెలవునాడు పొద్దున, మంచె మీద జొన్నరొట్టె తుంచుకుంటుండగా ఫోను మోగింది. ఐలన్న ఎంత ఉలిక్కిపడ్డాడంటే రొట్టె చెవికి పెట్టుకుని ఫోను పప్పులో ముంచబోయాడు.

"హలో! సార్!"

"ఐలయ్యా! బాయి..."

కుయ్ మని ఒక చప్పుడు. ఆ పైన ఏమీ లేదు. ఉన్న ఒక్క గీతా పోయింది.

బాయి? ఏ బాయి? బాయిల నీళ్లయిపోయినయా? సారుకు బాయెక్కడిది? ఐలన్న బుర్ర ఒక్క చుట్టు తిరిగి, సగం విరిగిన మాటకు తోక అతికించుకుంది. బాయిలర్! బాయిలర్ ఆగింది! మళ్లీ నొక్కి చూశాడు. లేదు. ఇన్ని రోజులు ఎండలో మాడి, వచ్చిన ఒక్క కాలూ ఇట్లా పోయిందే అని కడుపు మండిపోయింది. మంచె మీద నిలబడి, వెంకటేశం కొట్టు ముందు చింతపండు కొంటున్న పెళ్లానికి వినబడేలా గొంతు చించుకున్నాడు.

"మొగులీ! కాలు కట్టైందే! కాలు కట్టైందీ!"

అరిచి, నిచ్చెన దిగే ఓపిక లేక కిందికి ఎగిరాడు. పడింది పేడకుప్పలో. ఫ్రీ పేడే. ఒక కాలి చెప్పు అందులో దిగబడి రాలేదు. దాని సంగతి తర్వాత అనుకుని సైకిలెక్కి వెనక సందులోంచి బీరంగూడ తొవ్వ పట్టాడు.

కొట్టు కాడినుంచి మొగులమ్మకు కనబడింది ఇదీ: మొగుడు మంచె మీద నిలబడి కాలు కట్టైందని మొత్తుకున్నాడు, మరుక్షణం మంచె మీద మొగుడు లేడు.

"అయ్యో నా దేవుడా! పడ్డడు! కాలు కట్టైందట! వెంకటేశం తమ్మీ, నా మొగని కాలు కట్టైంది!"

చింతపండు అక్కడే పడేసి ఇంటికి ఉరికింది. కొట్టం కాడ మనిషి లేడు, సైకిలు లేదు. పేడలో ఒక్క చెప్పు. ఒక్కటే చెప్పు ఎందుకుందో ఆలోచించేసరికి ఆమెకు కళ్లు తిరిగాయి. దొడ్డిలోనే కూలబడి శోకం పెట్టింది.

వెంకటేశం ఊరికే ఉండే మనిషి కాదు. పీపీ ధర్మం అంటూ ఒకటుంది. ఫ్యాక్టరీ నంబరు అతనికి నోటికొచ్చు. నల్ల ఫోను ఎత్తి తిప్పాడు. మొదటిసారికే కలిసింది.

"సార్, మా ఐలన్న కాలు కట్టైందట సార్! మంచె మీద సెల్లుల మాట్లాడుకుంటనే పడ్డడు!"

అవతల భీమశంకరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అసలే బాయిలర్ ఆగి ఉంది. చిన్నరాములుకు చేస్తే 'ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం తాత్కాలికంగా నిలిపివేయబడినది' అని ఒక ఆడగొంతు పదేపదే చెబుతోంది. ఐలయ్యకు చేస్తే అతని కాలు తెగింది. తను పిలిచినందుకే పరుగెత్తి పడి కాలు పోగొట్టుకున్నాడంటే రేపు గేటు ముందు ధర్నా టెంటు పడుతుంది. మందుల పెట్టె చంకనబెట్టుకుని కంపెనీ జీపులో దూకాడు.

బీరంగూడ కమాన్ కనుచూపు మేరకు రాగానే ఎదురుగా ఒక సైకిలు. దాని మీద మోకాళ్ల దాకా పేడ, ఒక కాలికి చెప్పు, నోట్లో నురగ. ఐలయ్యే. జీపు కీచుమంటూ ఆగింది.

"ఐలయ్యా! నీ కాలేదయ్యా?"

"కాలు కట్టైంది సార్!" ఒగరుస్తూ అన్నాడు ఐలన్న.

భీమశంకరం వంగి చూశాడు. ఒకటి. రెండు. "రెండూ ఉన్నాయిగా!"

"రెండెక్కడియి సార్? వచ్చిందే ఒక్కటి. గది గూడ సగంలనే తెగిపాయె."

"ఏది తెగింది? నాకు చూపించు!"

"కాలు సార్, మీ కాలే! మీ కాలు కట్టైంది!"

"నా కాలా?" భీమశంకరం గభాల్న కిందికి చూసుకున్నాడు. డ్రైవర్ స్టీరింగు మీద తలవాల్చి భుజాలు కుదుపుకుంటూ నవ్వుతున్నాడు. రెండు ఊపిరుల తర్వాత సారుకు తెలిసింది. మొహం మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా అయింది. "అది కాల్ అయ్యా! కాల్! కొమ్ము లేదు దానికి!"

"ఉన్నది సార్. నన్ను పొడుస్తనే ఉన్నది."

"ఎక్కు జీపు. ముందు ఎక్కు."

సైకిలు వెనక వేసుకుని జీపు వెనుదిరిగింది. ఫ్యాక్టరీ చేరేసరికి బాయిలర్ కాడ అంటించడం రాని హెల్పరు తప్ప ఎవరూ లేరు. పేడ కాళ్లతోనే ఐలన్న లోపలికి ఉరికి, నీటి మట్టం చూసి, బర్నరు అంటించి, ఆవిరి ఎక్కేదాకా కన్ను కదపలేదు. ఎన్నాళ్లనుంచో మూగ పెట్టెను చూసి చూసి ఉన్నాడేమో, గేజీలో ముల్లు నిదానంగా పైకి లేస్తుంటే దానిమీద ముద్దొచ్చింది. ఇదీ సిగ్నలంటే! పెరిగితే కనబడుతుంది, తగ్గితే కనబడుతుంది, చెట్టు చాటు బాణాలు లేవు. బ్యాచ్ దక్కింది.

మధ్యాహ్నం ఐలన్న గేటు కాడ ఉండగా చిన్నరాములు మామూలుగా తన షిఫ్టుకు వచ్చాడు. నడుముకు తోలు సంచీ తళతళలాడుతోంది. "ఏమైందన్నా, అందరు నన్ను చూసి నవ్వుతున్నరు?"

"నీ వాలిడిటీ అయిపోయిందిరా తమ్మీ. వాలి పడ్డడు."

చిన్నరాములు ఫోను తీసి చూసుకున్నాడు. కార్డులో పైసలున్నాయి. పైసలుండగా ఎట్లా ఆగుతుందని గేటు గదిలో అరిచాడు, బయట చాయ్ హోటల్లో అరిచాడు. అతని బాధ చూసి ఐలన్నకు నవ్వు రాలేదు. ఇద్దరికీ దెబ్బ తగిలింది ఒకే చాటు నుంచి. చాయ్ తెప్పించి, ఈసారి పూర్తిగా తాగి, అతనికీ తాగించాడు.

పోస్టు ఐలన్నదే అయింది. భీమశంకరం మాట తప్పే మనిషి కాదు. ఆర్డరు కాగితం చేతికిస్తూ ఇంకో చిన్న అట్టపెట్టె కూడా ముందుకు తోశాడు. "ఇకనుంచి నీ కాళ్లూ కాల్సూ కలిపి నాకు గుండెపోటు తెప్పించకు. కంపెనీయే ఫోన్ ఇస్తోంది. పోస్ట్‌పెయిడ్. బిల్లు మేమే కడతాం."

పోస్టుకు పోస్టు, దాంతో పోస్ట్‌పెయిడు! ఐలన్న కళ్లకద్దుకున్నాడు. ఊరి తొవ్వలో పెట్టె విప్పాడు. ఫోను మీద మూడు వంకర అలల బొమ్మ. తరంగ్. సరిగ్గా ఏ కంపెనీని తను మూడో కొట్టులో వదిలేసి వచ్చాడో అదే. బీరంగూడ కమాన్ కాడ సగం గీతలు. ఊరి మలుపులో ఒకటి. గడపలో...

"ఉన్నదా?" అడిగింది మొగులమ్మ. ఆమె కళ్లు అప్పటికే కొట్టం పక్క మంచె మీద ఉన్నాయి.

"లేదు."

మంచెక్కి చూశాడు. మంచె మీద కూడా లేదు. దోస్త్‌కు పనికొచ్చిన మంచె తరంగ్‌కు పనికిరాదట.

"ఇంకో మంచె ఎయ్యాల్నా? ఎయ్యి. దొడ్డి నిండ మంచెలెయ్యి. బర్లను నెత్తి మీద కట్టేస్త."

ఐలన్న కొత్త ఫోను ఎత్తిపట్టి ఊరంతా తిరిగాడు. బడి కాడ లేదు, చావిడి కాడ లేదు, నీళ్ల ట్యాంకు కింద లేదు. ఎవరైనా "ఏంది ఐలన్నా, మళ్లనా?" అంటే కొట్టేలా చూశాడు. విసిగి, గొంతెండి, ఒక సోడా తాగుదామని వెంకటేశం కొట్టులో కూర్చుని ఫోను బెల్లం డబ్బా మీద పెట్టాడు. తెర మీద టపటపా గీతలు లేచి నిలబడ్డాయి. నిండుగా. నల్ల ఫోను పక్కనే.

వెంకటేశం సోడా కొట్టి ఇస్తూ ఒకసారి ఫోనును, ఒకసారి ఐలన్నను చూశాడు. సుత్తి తీసి గోడకు ఒక మేకు కొట్టాడు.

అంతే. కంపెనీ ఇచ్చిన పోస్ట్‌పెయిడ్ ఫోను ఇప్పుడు వెంకటేశం కొట్టులో ఆ మేకుకు వేలాడుతుంది. భీమశంకరం సారుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మోగితే వెంకటేశం ముందు ఉప్పు తూచి, చిల్లరిచ్చి, అప్పుడు మెట్టు మీదికొచ్చి మెడ నరాలు ఉబ్బేలా ఊదుతాడు.

"ఐలన్నో... కాలొచ్చిందో..."

దొడ్డిలోంచి మొగులమ్మ గొంతు అంతకంటే గట్టిగా లేస్తుంది.

"ఉరుకయ్యా, కట్టుగాకముందే! రెండు చెప్పులేసుకోని ఉరుకు!"